రిజిస్టర్డ్ దస్తావేజు: పందొమ్మిదేళ్ల వాడకం తర్వాత

2006 వేసవిలో ఉప్పల్ దాటాక, వరంగల్ రోడ్డు నుంచి లోపలికి రెండు వందల గజాల ప్లాటు కొన్నాను. అప్పట్లో అక్కడ తుమ్మచెట్లు, హద్దు కడీలు, దూరంగా ఒక గేదెల కొట్టం తప్ప ఏమీ లేవు. రిజిస్ట్రేషన్ రోజున బొటనవేలికి అంటిన సిరా రాత్రి దాకా పోలేదు. అన్నం కలుపుతుంటే పిల్లలు నా వేలు చూసి నవ్వారు. ఆ దస్తావేజు తర్వాత కోర్టు మెట్లు ఎక్కింది, ఆరేళ్లు బ్యాంకులో ఉంది, ఈ మధ్యే మళ్లీ బీరువాలోకి వచ్చింది. ఇన్నాళ్లు వాడాను కాబట్టి నాలుగు ముక్కలు రాయొచ్చనిపించింది.

ముందే చెప్పేస్తాను. కట్టిన డబ్బు దండగ కాలేదు. అయితే ఆ డబ్బుకి ఏం వస్తుందని నేననుకున్నానో అది రాలేదు. స్థలం నీదే అని ప్రభుత్వం హామీ ఇస్తుందనుకున్నాను. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆఫీసులో నమోదయ్యేది లావాదేవీ మాత్రమే. ఫలానా తేదీన ఫలానా ఆయన ఫలానా ఆయనకు అమ్మాడు, ఇదిగో వేలిముద్రలు, ఇదిగో సాక్షులు, అంతే. అమ్మినాయనకు అసలు హక్కుందో లేదో చూసుకోవాల్సింది కొనేవాడు. ఇది ఎవరూ దాచిపెట్టిన సంగతి కాదు. నాకే పదేళ్లు పట్టింది తెలియడానికి.

2016 సంక్రాంతి సెలవుల్లో తెలిసింది. పిచ్చి మొక్కలు కొట్టిద్దామని కూలీని వెంటబెట్టుకుని వెళ్లాను. నా కడీలు నాలుగూ పీకి ఒక పక్కన పేర్చి ఉన్నాయి. వాటి చోట కొత్తవి, తలలకు నీలం రంగు. పక్క ప్లాటు గోడ మీద ఎవరిదో పేరు, ఫోన్ నంబరు. ఫోన్ చేస్తే అరగంటలో స్కూటర్ మీద వచ్చాడాయన. నా వయసే ఉంటుంది. గొడవకి సిద్ధమై వచ్చినట్టున్నాడు గానీ, స్కూటర్ డిక్కీలోంచి తీసిన ప్లాస్టిక్ కవరు చూడగానే నాకు నోట మాట రాలేదు. నా చేతిలోనూ అలాంటి కవరే. ఇద్దరం కూలీ పరిచిన గోనె పట్టా మీద కాగితాలు పెట్టి చూసుకున్నాం. ఆయన దస్తావేజు 2013ది. ఫొటోలు, వేలిముద్రలు, సీళ్లు, డాక్యుమెంట్ నంబరు, అన్నీ సక్రమం. నాదీ అంతే. రెండూ అసలువే!

జరిగిందేమిటంటే, లేఔటు వేసిన మనిషి పట్టాదారు దగ్గర జీపీఏ, అంటే ఆయన తరఫున అమ్మే అధికార పత్రం, తీసుకుని మాకు అమ్మాడు. పట్టాదారు పోయాక ఆయన వారసులు తమ పేరుతో మళ్లీ అమ్మారు. నాది ప్లాటు నంబరు 47. ఆయనది 47/ఏ, సర్వే నంబరు పక్కన ‘పార్ట్’ అని ఉంది. ఈసీలో, అంటే ఒక ఆస్తి మీద ఏ రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపే కాగితంలో, వెతికేది దస్తావేజులో రాసిన నంబర్లను బట్టే. ఆయన 47/ఏ అని వెతికితే నేను కనపడలేదు. నేను 47 అని వెతికినా ఆయన కనపడేవాడు కాదు. కంప్యూటర్ తప్పు చెప్పలేదు, అడిగినదానికే జవాబిచ్చింది. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్లలోకి ఎక్కించాక పని వేగంగా అవుతోంది, కానీ నేల మీది కడీ ఎవరిదో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?

కేసు మూడేళ్లు నడిచింది. లాయరు ఫీజు, ఇతర ఖర్చులు కలిపి లక్షా పదివేలు. ఆఫీసుకి పెట్టిన సెలవులు లెక్కేయలేదు. నా కాగితం ఏడేళ్లు ముందుది కాబట్టి అదే నిలిచింది. ఒకసారి అమ్మేసిన దాన్ని మళ్లీ అమ్మే హక్కు వారసులకి ఎక్కడిది? చివరికి రాజీ కుదిరి ఆయనకి వాళ్లు కొంత డబ్బు వెనక్కిచ్చారు. పూర్తిగా కాదు. ఆయనా నాలాగే స్టాంప్ డ్యూటీ కట్టినవాడే. ఆ మాట గుర్తొచ్చినప్పుడు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఖర్చు సంగతి. హైదరాబాద్‌లో 2021 జూలై దాకా అన్నీ కలిపి ఆస్తి విలువలో 6 శాతం ఉండేది, అప్పటినుంచి 7.5 అయింది. 2022లో మా తమ్ముడు ఫ్లాటు కొంటే సాక్షిగా వెళ్లాను. దస్తావేజులో విలువ 40 లక్షలు. స్టాంప్ డ్యూటీ 5.5 శాతం అంటే 2 లక్షల 20 వేలు, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 60 వేలు, రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు. మొత్తం మూడు లక్షలు. ఏడాదిన్నర ముందు కొని ఉంటే 60 వేలు మిగిలేవి. ఇవి చలానాలో కనపడేవి. డాక్యుమెంట్ రైటర్ చింపిన క్యాలెండర్ కాగితం వెనక ఇంకో లెక్క రాసిచ్చాడు: రాయింపు, స్కానింగ్, జిరాక్సు, చివర్లో ‘ఆఫీసు ఖర్చు’. అదేమిటి అని మా తమ్ముడు అడిగితే ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. మా వాడు మళ్లీ అడగలేదు.

2020 మాత్రం మరిచిపోలేను. సెప్టెంబరు 8న రిజిస్ట్రేషన్లు ఆపేశారు. కొత్త రిజిస్ట్రేషన్ పోర్టల్ ధరణి అక్టోబరు ఆఖర్లో వచ్చింది గానీ అది వ్యవసాయ భూములకే. ప్లాట్లు, ఇళ్ల రిజిస్ట్రేషన్లు మొదలయ్యేసరికి డిసెంబరు. మా సెక్షన్లో ఒకాయన కూతురి పెళ్లికి ప్లాటు బేరం పెట్టి, అడ్వాన్సు తీసుకుని, మూడు నెలలు టెన్షన్‌తో సగమైపోయాడు. అమ్మకానికి దారి ఒక్కటే అయినప్పుడు ఆ దారి మూస్తే ఎవరికి చెప్పుకోవాలి?

అదే ఏడాది ఎల్ఆర్ఎస్ వచ్చింది, అనుమతి లేని లేఔట్లలోని ప్లాట్లను డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం. మాది పంచాయతీ లేఔటు కాబట్టి తప్పలేదు. వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెడితే, 2025లో 25 శాతం రాయితీ ప్రకటించాక గానీ ఫైలు కదల్లేదు. ఖాళీ స్థలం వదలని లేఔటు కాబట్టి 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ అదనం. తిట్టుకుంటూనే కట్టాను. అయితే మా కాలనీలో నోటరీ అగ్రిమెంటుతో కొన్నవాళ్లకి తిట్టుకునే అవకాశం కూడా లేదు. రిజిస్టరైన దస్తావేజు లేకపోతే దరఖాస్తుకే పనికిరారు.

ఈ కాగితం విలువ ఏమిటో మా బావమరిదిని చూస్తే తెలుస్తుంది. బస్తీలో వంద గజాల్లో రెండు గదులు, అదంతా నోటరీ మీదే. “నన్నెవరు లేపుతారు బావా, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నా” అంటాడు. నిజమే, ఎవరూ లేపలేదు. నాలాగా కోర్టు చుట్టూ తిరగలేదు కూడా. కానీ 2019లో మా ఇద్దరికీ ఒకేసారి పిల్లల చదువులకి డబ్బు అవసరమైంది. నా ప్లాటుకి బ్యాంకు లాయరు ముప్పై ఏళ్ల ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, కోర్టు రాజీ కాగితం అన్నీ తిప్పి చూసి సరే అన్నాడు. ఏడాదికి పదకొండు శాతం వడ్డీ. వాడికి ఏ బ్యాంకూ ఇవ్వలేదు. తెలిసినాయన దగ్గర ఐదు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకి పదివేలు వడ్డీకే పోయేది, అసలు అలాగే ఉండేది. స్టాంప్ డ్యూటీ మిగిలిందని మురిసిపోయినవాడు ఒక్క ఏడాదిలో అంతకంటే ఎక్కువే కట్టాడు.

అలాగని హక్కుకి ప్రభుత్వమే పూచీ పడితే అన్నీ సర్దుకుంటాయా అంటే నాకు నమ్మకం చాలడం లేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858 నుంచే అలా ఉంది. టారెన్స్ పద్ధతి అంటారు, రిజిస్టర్‌లో పేరున్నవాడే యజమాని. ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం తెస్తే 2024 ఎన్నికల్లో అదే పెద్ద గొడవైంది, కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. గుంటూరులో మా వియ్యంకుడు ఆ రోజుల్లో ఫోన్ చేసి గంటసేపు అరిచాడు. రిజిస్టర్‌లో పేరు తప్పు పడితే ఏ అధికారి చుట్టూ తిరగాలి అన్నది ఆయన భయం. 47/ఏ చూసినవాణ్ణి, ఆ భయం ఉత్తదని అనలేను.

ఇప్పుడు నేను చేస్తున్నది చెబుతాను. ఆరునెలలకోసారి ఈసీ తీస్తాను, 47తోనూ, 47/ఏతోనూ. ప్లాటు చుట్టూ ప్రహరీ కట్టించాను. ఖాళీ స్థలం పన్ను నా పేరుతో కట్టి రసీదులు దాస్తున్నాను. మొన్న తీసిన ఈసీలో బ్యాంకు తనఖా ఇంకా అలాగే కనపడుతోంది. లోను తీరి మూడు నెలలైంది, కాగితాలు చేతికొచ్చాయి, కానీ విడుదల దస్తావేజు విడిగా రిజిస్టర్ చేయించుకోవాలట. మళ్లీ చలానా, మళ్లీ స్లాటు, మళ్లీ వేలిముద్రలు. శుక్రవారం పదకొండింటికి దొరికింది. సాక్షి కావాలంటే మా బావమరిదిని రమ్మన్నాను. ఆధార్ కార్డు తెచ్చుకోమంటే, “రిజిస్ట్రేషన్ ఆఫీసు లోపల ఎలా ఉంటుందో చూడటం ఇదే మొదటిసారి బావా” అన్నాడు.