చలికాలం పిట్టలకు గార్గేయపురం చెరువా, రోళ్లపాడు గడ్డిబీడా?

కర్నూలు నుంచి నందికొట్కూరు రోడ్డు పట్టుకుంటే ముందు గార్గేయపురం చెరువు వస్తుంది. నందికొట్కూరు దాటి ఇంకా పోతే రోళ్లపాడు. ఉన్నది ఒక్క ఆదివారమే అయితే ఎటు?

కెమెరా కొత్తదైతే చెరువుకే పొండి. నామాల కోళ్లు, సూదితోక బాతులు నీళ్ల మీద తీరిగ్గా తేలుతుంటాయి, సెట్టింగులు మార్చి మార్చి తీసుకోవచ్చు. పొద్దున్నే, ఎండ మీ వీపున పడేలా చూసుకోండి. ఎదురెండలో తీస్తే ఏ బాతైనా నల్లముద్దే. ఒడ్డున కూర్చుని తీస్తే పిట్ట కంటికి సమంగా వస్తుంది. చిక్కల్లా దూరం. ఫోనుతో పని జరగదు, 300 ఎంఎం లెన్సుకూ చిన్నగానే కనిపిస్తాయి. దగ్గరికి నడిచామా, గుంపంతా అవతలి ఒడ్డుకు జరుగుతుంది.

రోళ్లపాడును 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం అభయారణ్యం చేశారు. ఇప్పుడు దాని మీద ఆశ పెట్టుకుని వెళ్లొద్దు. చలికాలంలో అక్కడ చూడాల్సింది పిల్లి గద్దల్ని (హారియర్లు). మధ్య ఆసియా వైపు నుంచి వస్తాయి. పగలంతా పప్పుశనగ చేల మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ మిడతల్ని వేటాడి, పొద్దు వాలేసరికి గడ్డిలోకి దిగి నేల మీదే పడుకుంటాయి. గద్ద చెట్టెక్కకుండా నేలన నిద్రపోతుందంటే మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నమ్మరు.

ఫొటోకు మాత్రం అది కష్టమైన వేళ. షట్టర్ వేగం 1/1000 సెకనుకి తగ్గకూడదు, వెలుతురేమో ఉండదు. ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే శక్తి) పెంచితే బొమ్మ గరుకు తేలుతుంది. అయినా తీయండి, ఏ గద్దో తేలేది ఆ బొమ్మలోనే. మగదాని రెక్క మీద అడ్డంగా నల్లగీత ఉంటే మాంటేగు అనే రకం పిల్లి గద్ద. గీత లేకుండా తెల్లగా పాలిపోయి, రెక్క కొసన మాత్రమే నలుపుంటే పాలిడ్ అనే రకం. ఆడవాటి దగ్గర తలపండినవాళ్లూ తడబడతారు.

బైనాక్యులర్ ఒక్కటే ఉన్నవాళ్లకు నా ఓటు రోళ్లపాడుకే. ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోండి. గద్దలు దిగే వేళకు గడ్డిలో అడుగుపెట్టకండి, బాట మీదే ఉండండి. రెండూ ఒకేరోజు కావాలంటే పొద్దున చెరువు, సాయంత్రం బీడు. మధ్యాహ్నం ఎండకు నందికొట్కూరులో భోంచేసి కాసేపు నడుం వాల్చడమే.