రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో అవసరం రాయాలా, డిజైన్ రాయాలా? ఏది మేలు?

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో కొత్తగా బీఏలుగా (బిజినెస్ అనలిస్టులుగా) చేరినవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: అవసరం ఒక్కటే రాసి ఆగాలా, స్క్రీన్ మీద ఏం ఉండాలో కూడా రాసేయాలా? అవసరాన్ని చూపేది రిక్వైర్‌మెంట్, పరిష్కారాన్ని చూపేది డిజైన్ అని బిజినెస్ అనలిస్టుల ప్రామాణిక గ్రంథం బాబోక్ (BABOK) మూడో ఎడిషన్ (2015) చెబుతుంది, ఆ రెండింటి మధ్య గీత అన్నిసార్లూ స్పష్టంగా ఉండదని కూడా తనే ఒప్పుకుంటుంది.

నేనైతే ఒకే ప్రశ్నతో తేలుస్తాను. రేపు ఈ వాక్యం మార్చాల్సి వస్తే ఎవరిని అడగాలి? బిజినెస్ వాళ్లనో రిజర్వ్ బ్యాంకునో అడగాలంటే అది రిక్వైర్‌మెంట్, మన టీమ్ కూర్చుని మార్చుకోగలిగితే డిజైన్.

ఓటీపీ సంగతే చూడండి. "పేమెంట్‌కి ముందు కస్టమర్ ఫోన్‌కి ఎస్ఎంఎస్‌లో ఆరంకెల ఓటీపీ పంపాలి" అని రాస్తే డెవలపర్‌కి హాయి, టెస్టర్‌కి హాయి, సంతకం పెట్టే మేనేజర్‌కీ ఏం రాబోతోందో కళ్లకు కట్టినట్టుంటుంది. ఆ లాభం చిన్నదేం కాదు. కానీ ఆర్‌బీఐ కోరింది అదనపు ధ్రువీకరణ. ఫలానా పద్ధతే వాడాలని నిర్బంధించలేదని, ఎస్ఎంఎస్ ఓటీపీని పేమెంట్ రంగమే ఎక్కువగా ఎంచుకుందని 2024 ఫిబ్రవరిలో తనే చెప్పింది. 2025 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఆదేశాల్లో, అంటే 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేవాటిలో, కనీసం రెండు వేర్వేరు ఫ్యాక్టర్లు (పిన్, ఓటీపీ, వేలిముద్ర లాంటి ధ్రువీకరణ ఆధారాలు) ఉండాలన్నదే మూలం. "రెండు వేర్వేరు ఫ్యాక్టర్లతో కస్టమర్‌ని ధ్రువీకరించాకే డబ్బు కదలాలి" అని రాసుకున్నవాళ్లకి, ఓటీపీ బదులు వేలిముద్ర పెట్టినా ఆ వాక్యం చెక్కుచెదరదు, కింద డిజైన్ మారుతుంది అంతే. మొదటిలా రాసినవాళ్లు మాత్రం చేంజ్ రిక్వెస్ట్ పెట్టి, టెస్ట్ కేసులు తిరగరాసి, మళ్లీ సంతకాల కోసం తిరగాలి.

అందుకే నా ఓటు అవసరానికే.

డిజైన్‌ని రిక్వైర్‌మెంట్‌గా రాయక తప్పని చోట్లు లేకపోలేదు. జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ జేసన్ ఫార్మాట్ (బిల్లు వివరాలు పంపాల్సిన డేటా రూపం) దాన్ని తయారుచేసినవాళ్లకి డిజైన్, మనం అందులో ఒక్క ఫీల్డ్ కూడా మార్చలేం కాబట్టి మనకి రిక్వైర్‌మెంట్.

యూజర్ స్టోరీలు (వాడేవాళ్ల మాటల్లో చిన్నగా రాసే అవసరాలు) రాస్తే ఈ చిక్కు ఉండదంటారు గానీ, "యూజర్‌గా నాకు డ్రాప్‌డౌన్ (జాబితాలోంచి ఎంచుకునే పెట్టె) కావాలి" అని రాస్తే అదీ డిజైనే.

క్లయింట్ డ్రాప్‌డౌన్ అడిగితే ఎందుకండీ అని అడగండి. "బ్రాంచి పేరు ఒక్కొక్కరు ఒక్కోలా టైప్ చేస్తున్నారు, నెలాఖరు రిపోర్టు కలవట్లేదు" అంటారు. బ్రాంచి పేరు ఎక్కడైనా ఒకేలా నమోదు కావాలని రిక్వైర్‌మెంట్‌లో రాసి, డ్రాప్‌డౌన్‌ని ఆ పక్కనే డిజైన్ నోట్‌లో పెట్టండి, తన మాట వదిలేయలేదని క్లయింట్‌కీ నమ్మకం ఉంటుంది.