ఆటోనగర్‌లో డిక్కీ వైరింగ్ చేయించాను: నాలుగు స్టార్లు, ఒకటి ఎందుకు కోశానంటే

ఈ షాపుకి సరైన బోర్డు కూడా లేదు. విజయవాడ ఆటోనగర్‌లో హండ్రెడ్ ఫీట్ రోడ్డు నుంచి లోపలికి తిరిగి, లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య నుంచి వెళ్తే, గోడ మీద పెయింటుతో రాసిన ఆటో ఎలక్ట్రికల్ అన్న మాట, దాని కింద సగం చెరిగిపోయిన బ్యాటరీ బొమ్మ కనిపిస్తాయి, అంతే. అయినా కూర్చుని ఇంత రివ్యూ రాస్తున్నానంటే, డిక్కీ మూతకీ కారు బాడీకీ మధ్య వైర్లు తెగడం పాత సెడాన్లకి చాలా మామూలు జబ్బు, కానీ చాలాచోట్ల దాన్ని పట్టుకోకుండా లాకు మార్చండి, కెమెరా మార్చండి, స్విచ్ పోయింది అంటూ మన జేబుకి చిల్లు పెడతారు. ఇక్కడి మేస్త్రి మాత్రం కారు దగ్గరికి వచ్చి డిక్కీ ఎత్తగానే చెయ్యి నేరుగా ఆ వైర్లు మూతలోకి వెళ్ళే రబ్బరు గొట్టం మీద వేశాడు.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత డీజిల్ సెడాన్. మొదట నంబర్ ప్లేటు లైటు పోయింది. దాన్నెవరు పట్టించుకుంటారు, బల్బు మాడిందేమో అనుకుంటాం. (1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఆ లైటు వెలుగులో వెనక నంబరు 15 మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా ఉండాలి. ఆ సంగతి రాత్రిపూట బెంజ్ సర్కిల్ దగ్గర పోలీసులు ఆపినప్పుడే గుర్తొస్తుంది.) తర్వాత రిమోట్ నొక్కితే డిక్కీ ఒకసారి తెరుచుకునేది, ఇంకోసారి మొండికేసేది. రివర్స్ గేరు వేస్తే కెమెరా బొమ్మ వచ్చినట్టే వచ్చి స్క్రీన్ నల్లబడేది. అన్నిటికన్నా చికాకు ఏంటంటే, డిక్కీ శుభ్రంగా మూసే ఉన్నా డాష్‌బోర్డు మీద అది తెరిచి ఉందని గుర్తు వెలిగేది. ఏలూరు దాటాక హైవే మీద అది వెలిగిందనుకోండి, సామాను రోడ్డు మీద పడిపోతోందేమోనని టెన్షన్, పక్కకి ఆపి దిగి చూస్తే ఏమీ ఉండదు.

ఇవన్నీ వేటికవి వేరే జబ్బుల్లా కనిపిస్తాయి కాబట్టే సర్వీస్ సెంటర్లలో వేటికవి వేరే బిల్లులు వేస్తారు. నేను ముందు వెళ్ళిన చోట (పేరు ఎందుకులెండి) డిక్కీ లాకు మార్చారు, కొన్నాళ్ళు పనిచేసింది, ఎందుకు పనిచేసిందంటే లాకు మార్చేటప్పుడు వైర్లు అటూ ఇటూ కదిలి తెగిన పోగులు మళ్ళీ ఒకదానికొకటి తగిలాయి కాబట్టి. మళ్ళీ మొదటికి వచ్చాక, ఈసారి వెనక హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలి, పార్టు ఆర్డర్ పెట్టాలి, లేబర్‌తో కలిపి పదహారు వేలు దాటుతుంది అన్నారు. మూరెడు వైరు కోసం పదహారు వేలా అని బయటికి వచ్చేశాను.

అసలు జరిగేది ఇది. సెడాన్‌లో డిక్కీ మూతలోని నంబర్ ప్లేటు లైటు, లాకు మోటారు, కెమెరా, కొన్ని కార్లలో వెనక లైట్లలో సగభాగం, వీటన్నిటి వైర్లూ ఒకే కట్టగా కొంగ మెడలా వంగిన కీలు పక్కనుంచే మూతలోకి వెళ్తాయి. డిక్కీ ఎత్తిన ప్రతిసారీ ఆ కట్ట ఒకేచోట వంగుతుంది, దించినప్పుడు మళ్ళీ అక్కడే సాగుతుంది. రాగి పోగుల్ని అలా ఒకే చోట వంచుతూ పోతే అవి గట్టిపడి ఒక్కొక్కటిగా విరిగిపోతాయి. దానికి తోడు మన ఎండ. మే నెలంతా ఎండలో నిలబెట్టిన కారు డిక్కీ లోపల చెయ్యి పెట్టి చూడండి, ఆ వేడికి పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు కూడా ఏళ్ళ తరబడి ఎండి పెళుసెక్కుతుంది. కొన్ని వైర్లకి తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగుతుంది, కొన్నిటికి తొడుగు పగిలి రాగి బయటపడి కీలు ఇనుముకి తగులుతుంది. మొదటి రకానికి లైటు వెలగదు, రెండో రకానికి ఫ్యూజు ఎగిరిపోతుంది. నా కారుకి రెండూ ఉన్నాయి.

ఇక మేస్త్రి పని. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, చెవి మీద పెన్సిలులా టెస్టరు. మల్టీమీటరు బల్ల మీదే ఉంది కానీ ముందు దాన్ని ముట్టుకోలేదు. కుర్రాణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి "ఒరే, పార్కింగ్ లైట్లెయ్, బ్రేకు తొక్కి పట్టుకో" అని, తను డిక్కీని కొంచెం ఎత్తి, ఆపి, ఇంకొంచెం ఎత్తి, ప్రతి చోటా గొట్టాన్ని వేళ్ళతో కుదుపుతూ వెనక లైట్లు చూశాడు. సగం ఎత్తులో ఒకచోట బ్రేకు లైటు మసకబారి, దానితో పాటు రివర్స్ లైటు నీరసంగా వెలగడం మొదలుపెట్టింది. "ఎర్త్ పోయింది సార్" అన్నాడు. రివర్స్ గేరు వెయ్యకుండా ఆ లైటెందుకు వెలిగిందని అడిగితే చెప్పింది ఇది: మూతలోని లైట్లన్నిటికీ కలిపి ఎర్త్ వైరు ఒక్కటే, అది తెగితే బ్రేకు లైటుకి వచ్చిన కరెంటు తిరిగి వెళ్ళే దారి లేక పక్క బల్బుల ఫిలమెంట్ల గుండా దొడ్డిదారి వెతుక్కుంటుంది. లైట్లు ఇలా పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తే ముందు ఎర్త్ చూడండి. చాలా జర్మన్ కార్లలో అది గోధుమ రంగు వైరు, జపాన్, కొరియా కార్లలో ఎక్కువగా నలుపు.

గొట్టం ఊడదీశాక ఒక్కో వైరునీ రెండు చేతుల వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగాడు. బాగున్న వైరు బిగుసుకుని ఉంటుంది. ఒక తెల్ల వైరు మాత్రం మధ్యలో జీడిపాకంలా సాగింది. బ్లేడుతో తొడుగు చీల్చి చూపిస్తే లోపల రాగి పూర్తిగా తెగి రెండు కొసలూ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. తొమ్మిది వైర్లలో మూడు అలా తెగాయి, ఇంకో రెండింటికి తొడుగు పగిలింది. ఒక వైరు దగ్గర నేనే మీటరు పెట్టి చూడమన్నాను. బీప్ వచ్చింది, అంటే వైరు తెగలేదనే లెక్క. "బీప్ వస్తుంది సార్, ఒక్క పోగు మిగిలినా వస్తుంది" అంటూ అదే వైరుకి ఒక బ్రేకు బల్బు తగిలించాడు. 21 వాట్ల బల్బు దాదాపు రెండు ఆంపియర్ల కరెంటు లాగుతుంది, ఆ ఒక్క పోగు దాన్ని మొయ్యలేక బల్బు ఎర్రగా మిణుకుమంది. సర్వీస్ సెంటర్లో మీటరు పెట్టి వైరింగ్ ఓకే అని రాసిచ్చిన కాగితం గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

ఇంకో విషయం బయటపడింది. పాత ఓనరు హయాంలో ఎవరో ఇదే గొట్టంలో రెండు వైర్లు మెలిపెట్టి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టారు. వేడికి ఆ టేపు జిగురు కారి, ఊడి, పక్క వైర్లకి అంటుకుపోయింది. ఈ రిపేరు ఎక్కడ చేయించినా మీరు పట్టుబట్టి అడగాల్సింది ఇదొక్కటే: వంగే చోట జాయింటు వెయ్యొద్దని చెప్పండి. తెగిన చోటే కలిపితే ఆ జాయింటు గట్టిగా కర్రలా ఉంటుంది, దాని అంచు దగ్గర మళ్ళీ వంపు పడి మళ్ళీ తెగుతుంది. సోల్డరింగ్ చేసినా అంతే, కరిగిన సీసం పోగుల మధ్యకి పాకి వైరుని ఇంకా బిరుసు చేస్తుంది.

ఇక్కడ మేస్త్రి తెగిన ముక్కల్ని కలపలేదు. గొట్టానికి ఆ వైపు బాడీ లోపల, ఈ వైపు మూత లోపల, వైరు కదలని చోట్ల కోసి, మధ్యలో మూరెడేసి కొత్త వైరు వేశాడు. అది ఇళ్ళకి వాడే వైరు కాదు, సన్నటి పోగులు ఎక్కువగా ఉండే మెత్తటి ఆటో వైరు. లైట్లకీ లాకుకీ పాత వైరంత మందం చూసుకుని, ఎర్త్‌కి మాత్రం ఒక సైజు ఎక్కువ వేశాడు. తెగని వైర్లు కూడా మార్చెయ్యమని నేనే అన్నాను, అవీ అదే వయసువి కదా, ఇంకో వేసవికి వాటి వంతు వస్తుంది. జాయింట్లన్నీ ఒకే వరసలో పడితే కట్ట అక్కడ ఉబ్బుతుందని ఒకదాని తర్వాత ఒకటి మెట్లు మెట్లుగా వేశాడు. ప్రతిదానికీ క్రింపు చేసి (లోహపు తొడుగుతో నొక్కి బిగించి), పైన లోపల జిగురు ఉండే, వేడికి ముడుచుకునే హీట్ స్లీవు తొడిగి వేడి గాలి పెట్టాడు, స్లీవు ముడుచుకుని కొసల దగ్గర కొంచెం జిగురు బయటికి రావాలి, వస్తేనే నీళ్ళు వెళ్ళవు. కొత్త వైర్లని గొట్టంలోంచి లాగడానికి సబ్బు నీళ్ళు వాడాడు. గ్రీజు పూస్తారేమో అనుకున్నా, రబ్బరు ఉబ్బి పాడవుతుందని కుర్రాణ్ణి గ్రీజు డబ్బా దగ్గరికే రానివ్వలేదు.

కెమెరా బొమ్మ వచ్చే కేబుల్ జోలికి వెళ్ళలేదు, అది నాకు బాగా నచ్చింది. దాని లోపల వైరు చుట్టూ సన్నటి జాలీ ఉంటుంది, మామూలు వైరులా కోసి కలిపితే బొమ్మలో గీతలు వస్తాయి. ముందు కెమెరాకి కరెంటు ఇచ్చే వైరు చూశాడు, తెగింది అదే. కెమెరా బాగానే ఉంది. లాకు కూడా బాగానే ఉంది, అంటే అప్పుడు మార్చిన పాత లాకు కూడా బాగానే ఉండి ఉంటుంది, దాని గురించి ఇక మాట్లాడుకోవడం దండగ.

ఫ్యూజు బాక్సు తెరిచినప్పుడు టెయిల్ లైట్ల చోట పసుపు ఫ్యూజు కనపడింది. ఉండాల్సింది 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు, ఎవరో మాటిమాటికీ ఎగిరిపోతోందని 20 ఆంపియర్లది పెట్టేశారు. ఇలాంటి పనికి మాత్రం నిజంగా కోపం వస్తుంది, ఫ్యూజు ఎగరకపోతే వైరు కాలుతుంది, పక్కనే డిక్కీ తివాచీ, పైన సీటు ఫోము. మేస్త్రి ఏమీ అనకుండా అది పీకి ఎర్రది పెట్టాడు.

చివర్లో గొట్టం రెండు కొసలూ అంచు చుట్టూ వేలితో నొక్కి గాడిలో కూర్చోబెట్టి, బాటిల్‌తో నీళ్ళు పోసి చూశాడు. ఆ అంచు సరిగ్గా కూర్చోకపోతే వానాకాలం నీళ్ళు వైర్ల వెంబడే లోపలికి దిగి స్టెప్నీ గుంటలో చేరతాయి.

ఒక స్టారు ఎందుకు కోశానో చెప్తాను. గంటలో అయిపోతుందన్నాడు, సాయంత్రం అయింది, మధ్యలో ఒక లారీ వాడు వస్తే నా కారు డిక్కీ తెరిచే వదిలేసి వెళ్ళాడు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీశాడు, అది మంచి పద్ధతే, కానీ బ్యాటరీ తీస్తే మ్యూజిక్ సిస్టం కోడ్ అడగొచ్చని ఒక్క మాట ముందు చెప్పలేదు, ఇంటికి వచ్చాక అది అడిగింది, ఆ కాగితం వెతకడానికి ఇల్లంతా తిరగేశాం. డిక్కీ లోపలి అట్ట క్లిప్పులు రెండు విరిగాయి, వాటి బదులు ఏవో తగిలించాడు, గతుకుల్లో ఇప్పటికీ టకటకమంటుంది. బిల్లు అడిగితే నవ్వాడు. కూర్చోవడానికి పాత బస్సు సీటొకటి ఉంది, టీ మాత్రం బాగుంది, దానికి డబ్బు తీసుకోలేదు.

మొత్తం 2,200 తీసుకున్నాడు, వైరు, స్లీవులు, కొత్త రబ్బరు గొట్టం అన్నీ కలిపి. అడగ్గానే ఇచ్చాను, బేరమాడాలనిపించలేదు.

హ్యాచ్‌బ్యాక్ (వెనక తలుపు అద్దంతో సహా పైకి లేచే కారు) ఉన్నవాళ్ళకి ఒక మాట. మీ కార్లలో గొట్టం పైన, రూఫ్ అంచు దగ్గర ఉంటుంది, తలుపు నిలువునా లేస్తుంది కాబట్టి వంపు ఇంకా ఎక్కువ. వెనక అద్దం వేడి చేసే లావుపాటి వైరు, వైపరు ఉంటే దాని మోటారు వైర్లు, కొన్నిట్లో నీళ్ళ పైపు కూడా ఆ దారినే వెళ్తాయి. అద్దం హీటరు చాలా కరెంటు తాగుతుంది, దాని వైరుకి సన్నది వేస్తే వేడెక్కి కరుగుతుంది, కాబట్టి పాత వైరు ముక్క పక్కన పెట్టి పోల్చి చూపించమనండి. రూఫ్ లైనింగ్ కొంచెం దించాల్సి వస్తుంది, ఆ పనికి ఈ షాపు కుర్రాడి చేతులకంటే మెత్తటి చేతులు కావాలి, ముందే గట్టిగా చెప్పండి, చేతులు కడుక్కోమని కూడా.

ఏసీ పనికీ, పెద్ద స్క్రీన్లు బిగించడానికీ ఇక్కడికి వెళ్ళకండి, అవి చేస్తానంటాడు గానీ ఆయన చెయ్యి వైర్ల మీదే తిరుగుతుంది. ఆదివారం మూసేస్తాడు. పొద్దున్నే లారీలు వరస కట్టకముందే వెళ్తే కారు పెట్టుకోవడానికి షెడ్డు పక్కన నీడ దొరుకుతుంది, ఫోన్ పే ఉంది.