అమ్మాలా, ఉంచాలా? ఆటోనగర్ షెడ్డులో తేలిన లెక్క

తాతయ్య వాడి నాకిచ్చిన 2010 మారుతి 800కి ఆర్‌సీ గడువు దగ్గరపడింది. పదిహేనేళ్లు దాటితే ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. "అమ్మేయ్‌రా" అని నాన్న. పంతొమ్మిదేళ్లకే కారు చేతికొచ్చాక వదలబుద్ధవుతుందా! విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డుకి తీసుకెళ్లా.

అక్కడి బాబాయ్ (అందరూ అలాగే పిలుస్తారు) ముందు డబ్బుల మాట ఎత్తలేదు. ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ మూత తీసి, అరచెయ్యి అడ్డం పెట్టి చూశారు. "పొగ తన్నట్లేదు, ఇంజన్‌కి ఢోకా లేదు" అన్నారు. తర్వాత మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే, క్లచ్ కింద రేకు తడిసిన అట్టలా ఊడొచ్చింది. అసలు ఖర్చు అక్కడే. మోడల్ 2014లో ఆగిపోయినా సామాన్లకు టెన్షన్ లేదట, పాత ఆల్టోలోనూ 796 సీసీ ఇంజనే ఉండేదిగా.

ఈ షెడ్డుకి లోపాలూ ఉన్నాయి. సాయంత్రం అన్నది మర్నాటికి గానీ అవ్వదు. బిల్లు తెల్లకాగితం మీదే.

ఈలోగా బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బ్రోకర్‌కి చూపిస్తే, తుక్కు రేటు చెప్పి, ఫామ్ 29, 30 (బండిని కొన్నవాళ్ల పేరు మీదకి మార్చే ఫారాలు) మీద ఖాళీగా సంతకాలు పెట్టమన్నాడు. పేరు మారేదాకా చలాన్లు మన మీదకే వస్తాయి కదా! అది విని నాన్నే "ఉండనీలే" అన్నారు.

ఫ్లోర్ వెల్డింగ్‌కి ఇచ్చేశా. వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే ఆ రేకుల కింద నిలబడలేం.