సూర్యారావుపేట స్టెమ్‌సెల్ క్లినిక్: ఒక్క స్టార్

మోకాళ్ల నొప్పులకని నాన్నగారిని తీసుకెళ్లాను. రిసెప్షన్‌లో అమ్మాయి మర్యాదగా మాట్లాడింది, ఆ ఒక్క స్టార్ ఆవిడకే. కౌన్సెలర్ మాత్రం గోడ మీది డాలీ (ఇంకో గొర్రె కణం నుంచి అచ్చం దానిలాగే పుట్టించిన గొర్రె) బొమ్మ చూపించి ‘క్లోనింగ్ టెక్నాలజీ సార్’ అన్నాడు. డాలీది పిల్లను పుట్టించే క్లోనింగ్. చికిత్స కోసం చేసే క్లోనింగ్‌లోనైతే పిండాన్ని కొద్ది రోజులు ల్యాబ్‌లో పెంచి స్టెమ్‌సెల్స్, అంటే వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు, తీస్తారు. దేశదేశాల్లో గొడవంతా ఆ పిండం గురించే. అన్ని రకాల మానవ క్లోనింగ్‌నూ నిషేధించాలని 2005లో ఐక్యరాజ్యసమితిలో తీర్మానం పెడితే, మన దేశం ఆ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేసింది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు కూడా మనిషిని పుట్టించే క్లోనింగ్‌ను నిషేధించి, పరిశోధనకు మాత్రం గట్టి అనుమతులతో దారి ఉంచాయి. పరిశోధనకండీ, ప్యాకేజీకి కాదు! వీళ్లు తీస్తామన్నది నాన్నగారి తుంటి ఎముకలో మజ్జ, అందులో క్లోనింగే లేదు. పోనీ ఇది నమోదైన పరిశోధనేనా అని క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే రేటు తగ్గించారు. పార్కింగ్ కూడా లేదు, బండి ఏలూరు రోడ్డు మీదే పెట్టుకోవాలి.