ఒక ‘ఎల్’ తగ్గితే: పీహెచ్‌పీ కాన్‌స్టెంట్ల మీద నా అభిప్రాయం

పదకొండేళ్లుగా ఒకే ఆర్డర్ల అప్లికేషన్‌ని చూసుకుంటున్నాను. వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీ, దాని 5.4 వెర్షన్ మీద మొదలై, ఇప్పుడు 8.3 మీద నడుస్తోంది. ఈలోగా ఆ భాషలో కాన్‌స్టెంట్లు (ఒకసారి పెట్టాక మారని విలువలకి ఇచ్చే పేర్లు) రాసే తీరు నా కళ్లముందే మారిపోయింది. ఏది వాడొచ్చు, ఏది మానేయొచ్చు అన్నది వాడి చూశాక నాకు తేలింది.

మొదట్లో మాకు ఒకే ఫైలు, అందులో 214 డిఫైన్ (కాన్‌స్టెంట్‌ని తయారుచేసే ఫంక్షన్) లైన్లు. ఆర్డర్ స్టేటస్‌లన్నీ అక్కడే: కొత్త ఆర్డర్ అంటే 0, రద్దయినది 4. ఒకరోజు రిపోర్టులో కొత్త ఆర్డర్లన్నీ రద్దయినట్టు, నిజంగా రద్దయినవి మామూలుగా ఉన్నట్టు వచ్చింది. రెండు రోజులు వెతికాను. ‘క్యాన్సెల్డ్’ అన్న పేరులో నేను ఒక ‘ఎల్’ తక్కువ టైపు చేశాను. అప్పటి పీహెచ్‌పీ, తనకు తెలియని కాన్‌స్టెంట్ కనబడితే ఆ పేరునే స్ట్రింగ్‌గా (మామూలు అక్షరాల వరుసగా) తీసుకుని, ఒక నోటీసు రాసి ముందుకెళ్లేది. మా సర్వర్లో నోటీసులు కనబడకుండా ఆపేసి ఉన్నాయి. పైగా సున్నాని, అంకెలు లేని స్ట్రింగ్‌ని రెండు సమానాలతో పోలిస్తే అప్పట్లో నిజమని వచ్చేది. స్టేటస్‌ని ఇంటీజర్‌గా (పూర్ణాంకంగా) మార్చి పోల్చాం కాబట్టి సున్నా ఉన్న ప్రతి కొత్త ఆర్డరూ రద్దు లెక్కలోకి పోయింది.

2020లో వచ్చిన 8.0 ఈ రెండు తలుపులూ మూసేసింది. లేని కాన్‌స్టెంట్ వాడితే ఇప్పుడు ఎర్రర్ వచ్చి ప్రోగ్రామ్ ఆగుతుంది. ఆ పోలిక కూడా అబద్ధమనే వస్తుంది. ఆ ఒక్క వెర్షన్‌కే నేను రుణపడి ఉన్నాను.

డిఫైన్‌ని పూర్తిగా వదల్లేదు. ఇఫ్ లోపల కాన్‌స్ట్ (కాన్‌స్టెంట్ రాసే రెండో పద్ధతి) రాయడం కుదరదు, డిఫైన్ రాయొచ్చు. సర్వర్‌ని బట్టి మారే పాత్‌లకి, ముందే ఉందో లేదో చూసి పెట్టుకునే వాటికి అదే దిక్కు. మిగతావన్నీ క్లాస్‌లోకి, అంటే సంబంధమున్న కోడ్‌ని ఒకచోట కట్టే మూటలోకి, తీసుకెళ్లండి. పేరు ముందు క్లాస్ పేరు, రెండు కోలన్లు ఉంటే ఎడిటర్ తనే పూర్తి చేస్తుంది, తప్పు స్పెల్లింగ్‌కి తావు తగ్గుతుంది. 7.1 నుంచి కాన్‌స్టెంట్‌ని ప్రైవేట్‌గా (ఆ క్లాస్ లోపలే కనబడేలా) పెట్టొచ్చు, 8.1 నుంచి ఫైనల్ (ఇక మార్చలేనట్టు) చేయొచ్చు, 8.3 నుంచి టైపు కూడా రాయొచ్చు. ఆ క్లాస్ నుంచి పుట్టిన పిల్ల క్లాస్‌లో ఎవరో ఇంటీజర్ స్థానంలో స్ట్రింగ్ పెట్టేసే ప్రమాదం టైపుతో పోయింది.

నాకు అసలైన సుఖం 2021లో 8.1తో వచ్చిన ఈనమ్‌లోనే దొరికింది. ఒక విలువ ఏవేవి కావొచ్చో ఆ కేస్‌లన్నీ ముందే రాసిపెట్టే టైపు అది. క్లాస్ కాన్‌స్టెంట్ ఎంత చక్కగా రాసినా చివరికి అది 4 అనే అంకే. స్టేటస్ అడిగే ఫంక్షన్‌కి 97 ఇచ్చినా అది కాదనదు. ఈనమ్‌ని టైపుగా రాస్తే 97ని లోపలికే రానివ్వదు. డేటాబేస్ నుంచి వచ్చిన అంకెని ‘ఫ్రమ్’కి ఇస్తే సరైన కేస్ వస్తుంది, లేకపోతే ఎర్రర్. ‘ట్రైఫ్రమ్’ అయితే నల్ (ఏమీ లేదన్న విలువ) ఇచ్చి ఊరుకుంటుంది. డ్రాప్‌డౌన్ నింపడానికి, కేస్‌లన్నిటినీ ఇచ్చే ‘కేసెస్’ ఉంది. మునుపు ఇదే పనికి మేం ఒక అరే (విలువల జాబితా) విడిగా రాసుకుని, కొత్త స్టేటస్ చేర్చిన ప్రతిసారీ అందులోనూ చేర్చడం మరిచిపోయేవాళ్లం. స్క్రీన్ మీద చూపే పేరు కూడా ఈనమ్‌లోనే ఒక మెథడ్‌గా, లోపల మ్యాచ్‌తో (ఏ కేస్‌కి ఏ ఫలితమో చెప్పే రాత) రాశాను. మ్యాచ్‌లో రాయని కేస్ తగిలితే అది ఎర్రర్ ఇస్తుంది, అదీ నాకు కావలసిందే.

ఇబ్బందులూ ఉన్నాయి. ఈనమ్ కేస్‌ని అరే కీగా పెట్టలేం, దాని వాల్యూ తీసి పెట్టాలి. కోట్‌ల మధ్య రాసే స్ట్రింగ్‌లో వేరియబుల్ పేరు రాస్తే దాని విలువ వచ్చి చేరుతుంది, ఆ సౌకర్యం కాన్‌స్టెంట్‌కి ఈనాటికీ లేదు. చుక్క పెట్టి కలుపుకోవాలి, లేదా స్ట్రింగ్‌లో విలువలు నింపే స్ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ వాడాలి. పొడుగాటి ఈమెయిల్ టెంప్లేట్లలో ఇది నిజంగా చిరాకు పెడుతుంది.

పేరు వేరియబుల్‌లో ఉన్నప్పుడు కాన్‌స్టెంట్‌ని తీయడం మాత్రం 8.3లో హాయిగా మారింది. ఇంతకుముందు క్లాస్ పేరు, కోలన్లు, కాన్‌స్టెంట్ పేరు అన్నీ ఒక స్ట్రింగ్‌గా అతికి ‘కాన్‌స్టెంట్’ ఫంక్షన్‌కి ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు కోలన్ల తర్వాత మీసాల బ్రాకెట్లలో వేరియబుల్ రాస్తే చాలు. ఈనమ్ కేస్‌లకీ ఇదే పద్ధతి. ఫారం నుంచి వచ్చిన పేరుని మాత్రం నేరుగా ఇందులో పెట్టకండి, ముందు సరిచూడండి.

ఇంకా 8.1కి రాని ప్రాజెక్టు మీ చేతిలో ఉంటే, స్టేటస్‌లని ఈరోజే ఒక క్లాస్‌లోకి చేర్చండి. తర్వాత దాన్ని ఈనమ్ చేసినప్పుడు వాడిన చోట పేర్లు అలాగే ఉంటాయి. అంకె కావలసిన చోట మాత్రం బాణం గుర్తు, వాల్యూ చేర్చాలి. మా కోడ్‌లో అలాంటివి 43 తగిలాయి, ఒక మధ్యాహ్నంలో అయిపోయాయి.