రూగర్ 10/22: మూడేళ్లు, ఆరు వేల రౌండ్ల తర్వాత

నేను మొదటిసారి రైఫిల్ పట్టింది డిగ్రీలో ఉన్నప్పుడు, ఎన్‌సీసీ క్యాంపులో. .22 (అంగుళంలో 22 వంతుల సన్నటి తూటా కాల్చే) డీలక్స్ రైఫిల్, ఐదు రౌండ్లు, అంటే ఐదు తూటాలు. నేల మీద బోర్లా పడుకుని, శిక్షణ ఇచ్చే ఉస్తాద్ హిందీలో చెప్పినట్టే ఊపిరి బిగబట్టి కాల్చాను. ఖాళీ ఖోకాలు (కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలు) ఐదూ ఏరి, లెక్క అప్పజెప్పి లేచాను. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు తుపాకి ముట్టుకోలేదు. డాలస్ దగ్గర స్థిరపడి, గ్రీన్ కార్డు వచ్చాక కొన్న మొదటి రైఫిల్, ఈ రూగర్ 10/22, కూడా .22 కావడానికి కారణం ఆ ఐదు రౌండ్లే.

గ్రీన్ కార్డు మాట ఊరికే ఎత్తలేదు. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకి ఉండటాన్ని, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఇక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా అదే నియమం. వారాంతంలో సరదాగా వెళ్లొద్దామని నన్ను అడిగే కుర్రాళ్లందరికీ ముందు ఇదే చెబుతాను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు దుకాణంలో 4473 ఫారం నింపాలి, ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటాలి. నాకు ఆ పని గంటలోపే అయిపోయింది.

10/22 కార్బైన్ (పొట్టి రైఫిల్) 1964 నుంచి వస్తోంది. భుజానికి ఆనించే మామూలు చెక్క స్టాక్, పద్దెనిమిదిన్నర అంగుళాల బ్యారెల్, బరువు ఐదు పౌండ్లు. పన్నుతో కలిపి నాకు 350 డాలర్ల లోపే అయింది. మ్యాగజైన్‌లో పది రౌండ్లు పడతాయి, అవి లోపల చక్రంలా తిరుగుతాయి. మ్యాగజైన్ స్టాక్ అడుగుకు సమానంగా కూర్చుంటుంది కాబట్టి బయటికి ఏమీ పొడుచుకు రాదు. చేత్తో పట్టుకుంటే బ్యాలెన్స్ బాగుంటుంది.

ఇక మొదటి రోజు. ఊరికి గంట దూరంలో ఉన్న అవుట్‌డోర్ రేంజ్, శనివారం పొద్దున, 25 గజాల టార్గెట్. చౌకగా వచ్చిందని వందల రౌండ్ల డబ్బా ఒకటి కొనుక్కుని వెళ్లాను. మొదటి మ్యాగజైన్‌లో నాలుగో రౌండ్‌కే ఆగిపోయింది. ఖాళీ ఖోకా బయటికి ఎగరకుండా, రౌండ్ వెనక మూసే ఇనప దిమ్మె అయిన బోల్ట్‌కీ, ఖోకా బయటపడే కిటికీకీ మధ్య నిలువుగా ఇరుక్కుంది. తీసి మళ్లీ కాల్చాను. తొలి ముప్పై రౌండ్లలో ఇలా నాలుగుసార్లు జరిగింది. ఒక రౌండ్ అయితే అసలు పేలలేదు. ట్రిగ్గర్ నొక్కితే టిక్ మని ఊరుకుంది. అప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. చెయ్యి వెంటనే బోల్ట్ మీదికి వెళ్లబోతుంటే వెనక నుంచి రేంజ్ ఆఫీసర్ ఆపాడు. గొట్టం టార్గెట్ వైపే ఉంచు, ముప్పై సెకన్లు లెక్కపెట్టు, తర్వాతే తీయి అన్నాడు. ఆలస్యంగా పేలే రౌండ్ ఉంటుందని ఆ రోజే తెలిసింది.

ఆయన పక్కనే కూర్చుని ఓపిగ్గా అంతా వివరించాడు. .22లో మందు అంటించే పదార్థం ఖోకా అంచులోనే ఉంటుంది. పిన్ను ఆ అంచు మీద కొట్టాలి. ఆ పదార్థం అంచు చుట్టూ సమానంగా పరుచుకోకపోతే పేలదు. ఈ రైఫిల్లో బోల్ట్‌ను బిగించే తాళం లాంటిదేమీ లేదు. బోల్ట్ బరువు, వెనకున్న స్ప్రింగ్, అంతే. పేలుడు ఒత్తిడే ఖోకాను వెనక్కి తోసి, బోల్ట్‌ను కదిలిస్తుంది. ఆ తోపు తక్కువైనా, బోల్ట్ దారిలో ఏదైనా అడ్డొచ్చినా ఖోకా సగంలో చిక్కుకుంటుంది. నా విషయంలో రెండూ జరిగాయి. రౌండ్లు నాసిరకం. పైగా పెట్టెలోంచి తీసిన రైఫిల్‌ను, తుప్పు పట్టకుండా పూసిన చిక్కటి నూనె తుడవకుండానే తెచ్చాను. అది పూర్తిగా నా తప్పు. ఆయన తన సంచిలోంచి సీసీఐ కంపెనీ మినీ మ్యాగ్ రౌండ్లు ఇరవై ఇచ్చాడు. 40 గ్రెయిన్ల (రెండున్నర గ్రాముల పైచిలుకు) గుండు, సెకనుకు 1,235 అడుగుల వేగం. ఇరవైకి ఇరవై ఆగకుండా వెళ్లాయి. ఆ పూట నేను నేర్చుకున్నది ఇప్పటికీ పనికొస్తోంది.

ఇంటికి రాగానే విప్పాను. బ్యారెల్ బ్యాండ్ వదులు చేసి, కింద ఒక్క స్క్రూ తీస్తే స్టాక్ విడిపోతుంది. రెండు పిన్నులు తోస్తే ట్రిగ్గర్ భాగం చేతికొస్తుంది. తర్వాత బోల్ట్. బ్యారెల్ శుభ్రం చేయడమే కొంచెం చిక్కు. బోల్ట్ కూర్చునే రిసీవర్ వెనక మూసి ఉంటుంది కాబట్టి రాడ్డు ముందు నుంచే దూర్చాలి, అలా చేస్తే గొట్టం మూతి అరుగుతుందని భయం. అప్పుడు ఎన్‌సీసీ గుర్తొచ్చింది. అక్కడ మాకు పుల్‌త్రూ తాడు, దానికి చిందీ గుడ్డ ఇచ్చేవాళ్లు. ఇక్కడా అలాంటి తాడే దొరుకుతుంది. కిటికీలోంచి గొట్టం వెనక వైపు జార్చి ముందుకి లాగేస్తే సరి. ప్రతి ఐదు వందల రౌండ్లకి బోల్ట్ ముఖం, ఖోకాను లాగే కొక్కెం తుడుస్తాను, నూనె ఒకటి రెండు చుక్కలకు మించి వేయను. నా పుస్తకంలో ఇప్పటికి ఆరు వేల పైచిలుకు రౌండ్లు రాసి ఉన్నాయి. మంచి రౌండ్లు వాడిన రోజుల్లో ఇరుక్కున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

గురి విషయానికొస్తే, మొదటి ఏడాది స్కోప్ (దూరాన్ని దగ్గరగా చూపే దుర్భిణి) పెట్టలేదు. కొత్తగా కొనేవాళ్లకి కూడా అదే చెబుతాను. గురి చూడటానికి గొట్టం మీద ముందున్న పసిడి రంగు చుక్క, వెనకున్న మడిచే రేకు, ఈ రెండు సైట్లు చాలు. తూటా ఎటు జరగాలో వెనక సైట్‌ను అటే జరపాలి, ఇది గుర్తుంటే సర్దుకోవడం తేలిక. ఆ సైట్లతో 25 గజాల్లో ఐదు రౌండ్లు ఒకటిన్నర అంగుళంలో పడటానికి నాకు ఆరు నెలలు పట్టింది. రెండో ఏడు చిన్న స్కోప్ బిగించాను, రిసీవర్ పైన రంధ్రాలు ముందే ఉంటాయి. రౌండ్లు కూడా మార్చాను. సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ రౌండ్ సెకనుకు 1,070 అడుగుల వేగంతో వెళ్తుంది, అంటే ధ్వని వేగం లోపే. ఎక్కువ వేగం రౌండ్లు దారిలో ధ్వని వేగం కిందికి దిగేటప్పుడు తడబడతాయి. దీనికి ఆ గొడవ లేదు. 50 గజాల్లో నా గ్రూపింగ్, అంటే రౌండ్లన్నీ పడిన చోటు వెడల్పు, అంగుళం దాకా వచ్చింది. 50 గజాల్లో సరిగ్గా తగిలేలా స్కోప్ సరిచేసి 100 గజాలకు కాలిస్తే తూటా ఆరేడు అంగుళాలు కిందికి దిగుతుంది. అది ముందే తెలిసి ఉంటే కంగారు పడక్కర్లేదు.

డబ్బు లెక్క కూడా చెబుతాను. నేను కొనే .22 రౌండ్ ఒక్కోటి పది సెంట్ల లోపే. స్నేహితుడి దగ్గరున్న, ఇంకా శక్తిమంతమైన 5.56 రైఫిల్‌కి నలభై యాభై సెంట్లు. ఒకే ఖర్చుతో అతను యాభై కాలిస్తే నేను రెండు వందలు పైనే కాలుస్తాను. కొత్త ట్రిగ్గర్లకీ రంగు రంగుల స్టాక్‌లకీ పెట్టే డబ్బు రౌండ్లకి పెడితేనే చెయ్యి కుదురుతుందని నా గట్టి నమ్మకం. నేను అదనంగా కొన్నవి స్కోప్, మూడు మ్యాగజైన్లు, అంతే.

ఒక్కటి మాత్రం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి. మ్యాగజైన్ ఖాళీ అయ్యాక ఈ బోల్ట్ దానంతట అది తెరుచుకుని ఆగదు. చివరి రౌండ్ తర్వాత కూడా మూసుకునే ఉంటుంది, లోపల ఏముందో బయటికి తెలియదు. మీటతో మనమే తెరిచి ఆపాలి. మ్యాగజైన్ తీసి, కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమి, గొట్టం ఖాళీ అని చూపే పచ్చ జెండా ముక్క దూర్చాకే రైఫిల్ కింద పెట్టాలి.

ఇంట్లో రైఫిల్ ఇనప పెట్టెలో, రౌండ్లు వేరే తాళంలో ఉంటాయి. పదిహేడేళ్లలోపు పిల్లలకు అందేలా లోడ్ చేసిన తుపాకి వదిలేయడం టెక్సాస్‌లో నేరం. చట్టం లేకపోయినా నేను ఇలాగే పెట్టేవాణ్ని. నేను కొన్నప్పుడు మా ఆవిడ అడ్డు చెప్పింది. తాళం చెవి ఎక్కడుందో నాతోపాటు తనకీ తెలియాలని అడిగింది, ఒప్పుకున్నాను.

పోయిన నెల మా అమ్మాయిని మొదటిసారి తీసుకెళ్లాను. పదమూడేళ్లు. చెవులకి మఫ్స్, కళ్లకి అద్దాలు, నేను పక్కనే. చాప మీద బోర్లా పడుకోబెట్టి, మ్యాగజైన్‌లో ఐదు రౌండ్లే వేసి ఇచ్చాను. ఐదూ కాగితం మీద పడ్డాయి, రెండు పక్కపక్కనే. కాల్చడం అయ్యాక తను మ్యాగజైన్ తీసి, బోల్ట్ తెరిచి ఆపి, చిటికెన వేలు లోపల పెట్టి తడిమి, జెండా దూర్చింది. అప్పుడు తల తిప్పి, "ఖాళీ నాన్నా" అంది.